ఆసుపత్రిలో ఆరు రాత్రులు

పసిబిడ్డ ఏడ్చుచున్నంతకాలము ఇంటివారికి విసుగు. ఆ బిడ్డ ఏడ్చుట మానివేసి ఊపిరికొరకే పాటుపడుచున్నప్పుడు గాని, ఆ ఏడుపు ఎంత భాగ్యమో తెలియదు. ఈ సంగతి నాకు అరువదియవ యేట తెలిసినది. ముగ్గురు బిడ్డలను కని పెంచినదానను. ఊరిలో ఎవరి యింట పురుడు వచ్చినను పిలుపు అందుకొనుదానను. పిల్లల పెంపకమున నాకు తెలియనిది లేదని అనుకొనియుంటిని. ఆ గర్వము ఎట్లు అణగినదో నేడు మీతో చెప్పదలచితిని. వినుచున్న తల్లులలో, అమ్మమ్మలలో, నాయనమ్మలలో ఏ ఒక్కరైనను ఒక పూట ముందుగా మేలుకొందురేమో అను ఆశయే నన్ను ఈ మాటలకు పురికొల్పినది.

మాది తెనాలి దాపున ఒక పల్లె. మా అమ్మాయి రెండవ కానుపునకు మా యింటికి వచ్చినది. మనుమడు పుట్టెను. వానికి నాలుగు నెలలు నిండినవి; ఐదవ నెలలో తల్లిని, బిడ్డను అత్తవారింటికి సాగనంపుటకు సారె సిద్ధపరచుచుంటిమి. అది మార్గశిర మాసము. తెల్లవారుజామున మంచు, రాత్రి చలి. నాలుగేండ్ల మనుమరాలు అంగనవాడి బడినుండి జలుబు తెచ్చుకొన్నది. రెండు దినములు ముక్కు కారి, మూడవనాటికి తగ్గినది. పెద్దపిల్ల జలుబును లెక్కచేయువారెవరు? తమ్ముని ముద్దుపెట్టుకొనవద్దని, చేతులు కడుగుకొనక వానిని తాకవద్దని దానికి చెప్పవలెనని మాలో ఎవరికిని తోచలేదు.

నాలుగైదు దినములకు పసివానికి ముక్కు బిగిసినది. నేను అలవాటు చొప్పున నలుగుపెట్టి, వేడినీళ్లు పోసి, నిప్పులమీద సాంబ్రాణి చల్లి, ఆ పొగ బాగుగా పట్టునట్లు బిడ్డను పట్టుకొంటిని. ముక్కులో రెండు చుక్కలు ఆముదము వేసితిని. "అమ్మా, పొగ వద్దు. వాడు దగ్గుచున్నాడు" అని అమ్మాయి అన్నది. "నిన్ను ఈ పొగతోనే పెంచితిని" అని నేను దాని నోరు మూయించితిని. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీని దగ్గరకు వత్తును.

మరునాడు పాలు త్రాగుట తగ్గినది. రెండు గుక్కలు త్రాగి, రొమ్ము విడిచి, రొప్పుచుండెను. ఊరిలో మందులిచ్చు ఒకాయన దగ్గుమందు సీసా ఇచ్చెను. అదియును పోసితిమి. మూడవనాటి సాయంకాలమునకు వాడు డొక్కలు ఎగురవేయసాగెను. పక్కటెముకల నడుమ చర్మము లోనికి గుంజుకొనుచుండెను, ముక్కుపుటములు అదరుచుండెను, ఊపిరిలో పిల్లికూతలు వినవచ్చుచుండెను. పొరుగింటి ముసలమ్మ పాల ఉబ్బసమనినది. కడుపుమీద వాతలు పెట్టించిన తగ్గునని మరియొకరు చెప్పిరి. నేను ఎటును తేల్చుకొనలేకుంటిని.

మా అమ్మాయి ఎవరి మాటను వినలేదు. వాని చొక్కా పైకెత్తి, గడియారము ఎదుట పెట్టుకొని, కడుపు ఎగసిపడుటను ఒక నిమిషము పాటు లెక్కపెట్టినది. "అమ్మా, అరువదియారు" అన్నది. ఆ అంకె నాకు తెలియలేదు, దానికి తెలిసినది. ఆశా కార్యకర్త చెప్పియుండెనట. రెండు నెలల లోపు బిడ్డ నిమిషమునకు 60 సార్లు గాని అంతకు మించి గాని, రెండు నెలలు మొదలు ఏడాది లోపు బిడ్డ 50 సార్లు గాని అంతకు మించి గాని, ఏడాది మొదలు ఐదేండ్ల లోపు బిడ్డ 40 సార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీయుచున్నచో, అది వేగపు శ్వాస; ఆలస్యము చేయరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పరచిన లెక్క ఇది. దీనికి పరికరమేదియు అక్కరలేదు. గడియారమొకటి, నిశ్చలమైన మనస్సొకటి చాలును. అమ్మాయి వెంటనే 108కు ఫోను చేసినది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆ బండి ఆ రాత్రి మమ్ము గుంటూరునకు చేర్చినది.

పిల్లల వార్డులో మొదట వాని కాలి వ్రేలికి చిన్న దీపమువంటి దానిని తగిలించిరి. ఎదుట తెరమీద 87 అను అంకె కనబడెను. నెత్తురు ఎంత ప్రాణవాయువును మోయుచున్నదో అది తెలుపును. ప్రాణవాయువుతో నిండిన నెత్తురు ఎర్రని వెలుగును ఎక్కువగా సాగనిచ్చును. కంటికి కానరాని పరారుణపు వెలుగును ఎక్కువగా పీల్చుకొనును. ప్రాణవాయువు తగ్గిన నెత్తురు దీనికి విరుద్ధముగా చేయును. ఈ భేదమునుండియే ఆ అంకె పుట్టుచున్నది. సూది గ్రుచ్చకయే దీనిని కొలుచు ఉపాయమును జపాను దేశపు ఇంజనీరు తకువో అయోయాగి 1970వ దశకపు తొలి యేండ్లలో కనిపెట్టెను. ఆరోగ్యవంతునికి ఆ అంకె సాధారణముగా 95కు పైన ఉండును. మా వానికి వెంటనే ముక్కుకు సన్నని గొట్టములు పెట్టి ప్రాణవాయువు నిచ్చిరి.

వైద్యురాలు ఒక చీటీ వెనుక చెట్టు కొమ్మవంటి బొమ్మ గీచి మాకు చూపినది. ఊపిరి గొట్టము కొమ్మలుగా, రెమ్మలుగా చీలి చివరకు సన్నని ఈనెలవలె అగును. ఆ ఈనెలవంటి గొట్టములు వాచి, వానిలో జిగురు నిండుటయే ఈ వ్యాధి. దీనిని బ్రాంకియోలైటిసు అందురు. రెండేండ్ల లోపు వారికే, అందులోను ఆరు నెలల లోపు వారికే ఇది ఎక్కువ. దీనికి ముఖ్య కారణము ఆర్.ఎస్.వి. అను వైరసు. దానిని 1956లో చింపాంజీలయందు, 1957లో శిశువులయందు గుర్తించిరి. రెండేండ్లు నిండులోపల దాదాపు ప్రతి బిడ్డకును ఇది ఒకసారి సోకును. పెద్దవారికి కేవలము జలుబుగా వచ్చి పోవును. పసివానికి ఎందుకింత కష్టమనగా, గొట్టపు వెడల్పు సగమైనచో, గాలికి కలుగు అడ్డము రెండింతలు గాక పదునారింతలగును. పెద్దవాని గొట్టములో వెంట్రుక మందపు వాపు లెక్కకు రాదు; శిశువు గొట్టములో అదియే తలుపు మూసినట్లగును.

"మరి మందేమిటమ్మా?" అని అడిగితిని. "ఈ వైరసును చంపు మందు మాయొద్ద లేదు, అమ్మమ్మగారూ. ప్రాణవాయువు నిత్తుము, ముక్కు శుభ్రపరతుము, పాలు లోనికి పోవునట్లు చూతుము. మిగిలిన పని వాని శరీరమే చేయవలెను. వ్యాధి మూడవ దినము మొదలు ఐదవ దినము వరకు ముదురును. కావున రేపు ఇంతకంటె ఎక్కువగా కనబడిన భయపడకుడు" అని ఆమె చెప్పినది. ఆసుపత్రికి వచ్చినవారితో మందు లేదనుట, రేపు ఇంకను ఎక్కువగునని ముందే చెప్పుట! నాకు కోపము వచ్చెను. సూదిమందు వేయకున్న వైద్యమెట్లగునని గొణిగితిని. బాక్టీరియాను చంపు యాంటీబయాటిక్కులు వైరసుపై పనిచేయవని ఆమె ఓపికతో మరల చెప్పినది.

మొదటి రాత్రి ముక్కు గుండ కడుపులోనికి సన్నని గొట్టము వేసిరి. రొప్పుచున్న బిడ్డకు చీకుటయు, మ్రింగుటయు, ఊపిరి తీయుటయు ఒక్కసారి సాగవు; పాలు ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు. అమ్మాయి తన పాలు గిన్నెలోనికి పిండి ఇచ్చుచుండగా, నర్సు ఆ గొట్టము గుండ మెల్లగా జారవిడుచుచుండెను. బిడ్డను ఎత్తుకొనరాదు, రొమ్మిచ్చుటకు వీలులేదు. ఆ తల్లి చేయగలిగిన పని ఆ గిన్నెడు పాలు మాత్రమే. దానిని అది జపముగా చేసినది. మంచమునొద్ద ఒక్కరే ఉండవలెనని నియమము. మేము వరండాలో చాప పరచుకొంటిమి. నాతో మాత్రము అమ్మాయి మాటలాడలేదు. సాంబ్రాణి మాట అది ఎత్తలేదు. ఎత్తినచో నాకు సులువుగా నుండెడిది.

అల్లుడు ఒంగోలులో బస్సు కండక్టరు. తెల్లవారునప్పటికి వచ్చి చేరెను. ఆ మీద మేము వంతులు వేసికొంటిమి. అతడు భోజనము, మందుల చీటీలు, బంధువుల ఫోనులు చూచుకొనును. పగలు మూడు గంటలు నేను మంచము కడ ఉందును. ఆ మూడు గంటలు అమ్మాయి తప్పక పడుకొనవలెను. ఈ మూడవ నియమమును నర్సు పెట్టినది. తల్లి నిద్ర లేక కూలినచో పాలును ఉండవు, ధైర్యమును ఉండదని ఆమె అన్నది.

మూడవ రాత్రి, వైద్యురాలు చెప్పినట్లే, వ్యాధి ముదిరెను. ఊపిరి లెక్క 72. అప్పుడు ముక్కుకు మరియొక సాధనము నమర్చిరి. దాని గొట్టపు కొన నీళ్ల సీసాలో మునిగియుండును. గాలి బుడగలు బుడగలుగా వెలువడును. ఆ నీటి లోతు ఊపిరి గొట్టములలో కొంత ఒత్తిడిని నిలిపి, అవి మూసికొనిపోకుండ కాపాడును. నెలలు నిండక పుట్టిన శిశువులకు ఇటువంటి ఒత్తిడితో ఊపిరి నిలుపవచ్చునని అమెరికాలో గ్రెగరీ అను వైద్యుడు 1971లో ప్రకటించెను. రాత్రియంతయు ఆ సీసా ఎసరు కాగుచున్నట్లు గుబగుబలాడెను.

అప్పుడే బంధువుల ఫోనులు మొదలైనవి. హైదరాబాదునకు తీసికొనిపొండని ఒకరు, అప్పు మేమిత్తుమని ఒకరు. అల్లుడు వరండాలోనికి వచ్చి, "అత్తయ్యగారూ, మీరేమందురు?" అని అడిగెను. ముప్పది యేండ్లుగా పిల్లల సంగతులలో అడుగకయే చెప్పుచుండిన నేను ఆ రాత్రి మొదటిసారిగా, "నాకు తెలియదు, నాయనా. డాక్టరమ్మను అడుగుదము" అంటిని. ఆమె దాచక చెప్పినది: "ఈ స్థితిలో దారిలో ఐదారు గంటలు త్రిప్పుట అపాయము. అక్కడను మొదట చేయునది ఇదియే. దీనితో నిలువకున్న ఏమి చేయవలెనో మాకు తెలియును. మీకు ముందుగా చెప్పుదుము." మేము ఉండిపోతిమి. తెల్లవారునప్పటికి అంకె 93 దగ్గర నిలిచెను.

నాలుగవనాడు నేను బట్టలకొరకు ఇంటికి వచ్చితిని. మనుమరాలు అరుగుమీద ఒక మూల కూర్చుండియున్నది. మావారు ఎంత పిలిచినను అన్నము తినలేదట. ఒడిలోనికి తీసికొనగా, "అమ్మమ్మా, నేను ముద్దుపెట్టినందుకే తమ్ముడు చచ్చిపోవునా?" అని అడిగినది. చూడవచ్చిన వారెవరో, దీని జలుబే వానికి అంటినదని దాని ఎదుటనే అనిరట. నాలుగేండ్ల పసిది ఆ మాటను మూడు దినములు ఒంటరిగా మోసినది. "లేదు తల్లీ. జలుబు కంటికి కనబడని పురుగు. నీకును ఎవరినుండియో వచ్చినది. నీవు ప్రేమతో ముద్దుపెట్టితివి. తమ్ముడు వచ్చును" అని చెప్పితిని. చెప్పుచుండగా నాకు తెలిసినది: ఈ మాట నేను నాకును చెప్పుకొనవలసియున్నదని. కాని అది పసిపిల్ల, నేను పెద్దదానను. దానికి తెలియదు, నాకు చెప్పినను వినలేదు. ఈ రెంటికి భేదము కలదు.

ఆ సాయంకాలము వైద్యురాలిని అడిగితిని: "నేను వేసిన పొగ వలననే ఇది వచ్చెనా?" ఆమె మెత్తగానే చెప్పినను, మాట తగ్గించలేదు. "పొగ ఈ వైరసును పుట్టింపదు. కాని వాచిన గొట్టములను పొగ మరింత రేపును. సాంబ్రాణి యైనను, పొయ్యి పొగ యైనను, చుట్ట, బీడీ యైనను శిశువునకు ఒక్కటే. ముక్కులో నూనె వేసినచో అది ఊపిరితిత్తులలోనికి దిగి చెరుపు చేయగలదు. ఆ దగ్గుమందును అట్టిదే." 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖవారు రెండేండ్ల లోపు బిడ్డలకు దగ్గు, జలుబు మందులు ఇయ్యరాదని సూచించియున్నారు. నేను అమ్మాయి దగ్గరకు పోయి, "ఆనాడు నీ మాట వినవలసినది. తప్పు నాది" అంటిని. అది చాలసేపు ఊరకుండి, పాలగిన్నె నా చేతికిచ్చి, "దీనిని నర్సుకిచ్చి రా, అమ్మా. నేను కొంచెము పడుకొందును" అన్నది. అంతకు మించి మేము ఆ సంగతి మాటలాడలేదు.

ఐదవనాడు నీళ్ల సీసా తీసివేసిరి. ఆరవ రాత్రి వాడు ప్రాణవాయువు లేకయే నిదురించి, తెల్లవారుజామున గొంతెత్తి ఏడ్చెను. వార్డంతయు మేలుకొన్నది. ఎవరును విసుగుకొనలేదు. తల్లి రొమ్ము అందించెను. వాడు విడువక త్రాగెను. ఇంటికి వచ్చిన తరువాతను దగ్గు రెండు మూడు వారములు ఉండెను. ఉండునని వారు ముందే చెప్పియుండిరి.

తల్లులారా, ఊపిరి లెక్కపెట్టుట నేర్చుకొనుడు. పాలు సగమునకు తగ్గినను, డొక్కలు ఎగురవేసినను, పెదవులు నీలిచాయకు తిరిగినను, ఊపిరి మధ్య మధ్య ఆగినను, మగతగా పడియున్నను, ఆ క్షణమే బయలుదేరుడు. జలుబు చేసినవారు చేతులు కడుగుకొనక శిశువును తాకరాదు. చనుబాలు మానరాదు. నిమోనియాను తెచ్చు న్యూమోకాకసు అను బాక్టీరియాకు టీకా 2017లో మన దేశమున కొన్ని రాష్ట్రములందు ఆరంభమై, 2021లో దేశమంతటికిని విస్తరించినది. ఆరవ వారమున, పదునాలుగవ వారమున, తొమ్మిదవ నెలలో ఉచితముగా వేయుదురు. అది ఈ వైరసునకు గాకున్నను, తప్పక వేయింపుడు. ఈ వైరసునుండియే కాపాడుటకు గర్భిణులకు వేయు టీకాను, శిశువులకు వేయు ప్రతిరక్షకపు సూదిమందును 2023లో అమెరికాలో అనుమతించిరి.

ఇక నాతోటి పెద్దలకు ఒక్క మాట. మనము పెంచిన బిడ్డలు బ్రదికిరి గనుక మనము చేసినదంతయు మంచిదే యని అనుకొందుము. వారిలో కొందరు మనము చేసిన దానిని తట్టుకొని బ్రదికిరేమో! మా యింట ఇప్పుడు సాంబ్రాణి దేవుని గదిలోనే వెలుగును; అప్పుడు మనుమడు పెరటిలో అక్కతో ఆడుకొనుచుండును. వాడు ఏడ్చినప్పుడు నేను విసుగుకొనుట మానితిని.

సెలవు.