షిన్ ఓకుబో స్టేషన్‌లోని ఫలకం



టోక్యో మహానగర మధ్యభాగాన్ని చుట్టి తిరిగే యమనోటె రైలుమార్గంపై 30 స్టేషన్లున్నాయి. చుట్టు పొడవు 34.5 కిలోమీటర్లు, ఒక ప్రదక్షిణకు సుమారు గంట పడుతుంది. వాటిలో షింజుకు స్టేషన్ తానే ఒక పట్టణమంత ఉంటుంది. దాని పక్కనే ఉన్న షిన్ ఓకుబో మాత్రం మిక్కిలి చిన్నది. 1914లో ప్రారంభమైన ఈ స్టేషన్‌కు నేటికీ ఒకే ప్లాట్‌ఫారం, వెలుపలికి ఒకే ద్వారం. గడప దాటితే కొరియా భోజనశాలలు, నేపాలీ దుకాణాలు, మసాలా దినుసులూ హలాల్ మాంసమూ అమ్మే అంగళ్లు కనిపిస్తాయి.

2001 జనవరి 26 సాయంత్రం, మద్యం మత్తులో ఉన్న ఒక ప్రయాణికుడు ఈ ప్లాట్‌ఫారం మీదినుండి పట్టాలపై పడిపోయాడు. అతనిని రక్షించడానికి ఇద్దరు దిగారు. ఒకరు లీ సూ హ్యోన్. జపనీస్ భాష నేర్వడానికి దక్షిణ కొరియా నుండి వచ్చిన 26 ఏళ్ల విద్యార్థి. మరొకరు సెకినె షిరో. 47 ఏళ్ల జపాన్ ఫోటోగ్రాఫర్. ఇంతలో రైలు వచ్చింది. ముగ్గురూ మరణించారు.

1910 నుండి 1945 వరకు కొరియా జపాన్ ఏలుబడిలో ఉండెనని ఎరిగినవారికి, ఈ వార్త రెండు దేశాలనూ అంతగా ఎందుకు కదిలించినదో వేరుగా చెప్పనక్కరలేదు. సంతాపసూచకంగా వచ్చిన ధనాన్ని లీ తల్లిదండ్రులు తమకై ఉంచుకొనక, జపాన్‌లో భాష నేర్చుకొనే ఆసియా విద్యార్థుల ఉపకారవేతనాలకు మూలధనంగా ఇచ్చారు. స్టేషన్ మెట్ల దారిలో, గోడపై, ఆ ఇద్దరి స్మారకఫలకం జపనీస్, కొరియన్ భాషలలో వెలసింది.

ఇక్కడ ఆలోచించవలసిన సంగతి ఒకటున్నది. ఫలకం పట్టాలపైకి దిగినవారిని కీర్తిస్తుంది. రైల్వే హెచ్చరికయేమో, ఎవరు పడినా దిగవద్దు, అత్యవసర బటన్ నొక్కండి అంటుంది. రెండూ పొసగనట్లు తోస్తాయి. కాని చనిపోయినవారి ధైర్యాన్ని పొగడి, ఆ ధైర్యం అవసరమైన పరిస్థితిని అలాగే విడిచిపెట్టడం ఏ నగరపాలనకూ తగదు గదా! ప్రమాదం దరిమిలా జపాన్ ప్రభుత్వం రద్దీ స్టేషన్లలో అత్యవసర బటన్లను, పడినవారు ఒదిగి ప్రాణం దక్కించుకొనేందుకు ప్లాట్‌ఫారం అడుగున ఖాళీ చోటును ఏర్పరచవలసిందిగా రైల్వేలకు సూచించింది. బటన్ నొక్కితే సమీపించే రైళ్లకు ఆగుమనే సంకేతం అందుతుంది.

ప్లాట్‌ఫారం అంచున తలుపులు ఇంకా తరువాతివి. యమనోటె మార్గంలో 2010లో ఎబిసు స్టేషన్‌తో ఆ పని మొదలైంది. షిన్ ఓకుబోకు 2013లో వచ్చాయి. పన్నెండేళ్ల ఆలస్యం చిన్నది కాదు. అయితే తలుపులు బిగించడమూ తేలిక కాదు. రైలు ప్రతిసారీ వాటికి సరిగా ఎదురుగా ఆగాలి. పాత ప్లాట్‌ఫారం ఆ బరువును మోయాలి.

మరొక ఏర్పాటుకు ఇంత వ్యయం లేదు. విదేశీయుల రాకపోకలు పెరిగి ఇరుకు మెట్లపై తొక్కిసలాట భయం కలిగినప్పుడు, మెట్లపై ఒక పక్కగా నడవండి అనే చిన్న ప్రకటనను ఈ స్టేషన్‌లో ఇరవైకి పైగా భాషలలో వినిపించారు. అందులో వర్ణన లేదు, స్వాగతవచనాలు లేవు. పొరుగుదేశపు మనిషికి తన భాషలో అందవలసిన ముఖ్యమైన మాట అది.

ఏటా జనవరి 26న ఫలకం ముందు పూలు ఉంచుతారు. సాయంత్రపు రద్దీ ఆ పక్కగానే మెట్లెక్కి ప్లాట్‌ఫారం చేరుతుంది. రైలు వచ్చి నిలిచిన పిదపనే తలుపులు తెరచుకుంటాయి.