షుగరు ఉన్నవారి కంచం
(రోగుల కుటుంబ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



"సిస్టరుగారూ, మా ఆయనకు రాత్రిపూట అన్నం మానిపించాను. చపాతీలే పెడుతున్నాను. అయినా షుగరు ఎందుకు తగ్గటం లేదు?" అని ఒక తల్లి నన్ను అడిగారు. ఎన్ని పెడుతున్నారమ్మా అంటే "ఆరు" అన్నారు.

మనం తినేవాటిలో రక్తంలోని చక్కెరను ఎక్కువగా పెంచేవి పిండిపదార్థాలు. అన్నం, చపాతీ, ఇడ్లీ, రాగిసంకటి, బంగాళాదుంప, అన్నింటిలోని పిండీ అరిగాక గ్లూకోజుగానే మారుతుంది. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మూడు చిన్న చపాతీలలోనూ దాదాపు అంతే. కనుక ఏది పెట్టారో కాదు, ఎంత పెట్టారో కూడా చూసుకోవాలి.

గుడ్డు, చేప, మాంసం వంటి వాటిలోని మాంసకృత్తులు షుగరును అంతగా పెంచవు. కడుపు నిండినట్లు ఉంచుతాయి. పప్పులో పిండి ఉన్నా, పీచు, మాంసకృత్తులు కూడా ఉండటం వల్ల నెమ్మదిగా అరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఇవి ఎంత తినాలో డాక్టరుగారిని అడగాలి. ఆకుకూరలు, బెండ, బీర, చిక్కుడులోని పీచు చక్కెర ఒక్కసారిగా రక్తంలో చేరకుండా ఆపుతుంది. నూనె, నెయ్యి షుగరును వెంటనే పెంచవు కానీ, అరుగుదలను ఆలస్యం చేస్తాయి. అందుకే పూరీలు తిన్నాక షుగరు ఆలస్యంగా పెరిగి ఎక్కువసేపు నిలిచి ఉండవచ్చు. బరువు కూడా పెరుగుతుంది.

కంచంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పు లేక గుడ్డు లేక చేప, మిగిలిన పావు భాగం అన్నం లేక చపాతీ పెట్టండి.

అలాగని భయపడి పస్తులు ఉంచకండి. ఇన్సులిన్ ఇచ్చి, లేదా కొన్ని రకాల షుగరు మాత్రలు వేసి భోజనం పెట్టకపోతే షుగరు 70 కన్నా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తాయి. వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. ఆ సమయంలో లడ్డు, చాక్లెట్టు పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర త్వరగా రక్తంలో చేరదు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఆ తల్లి ఇప్పుడు భర్తకు రెండు చపాతీలు, బీరకాయ కూర, పప్పు పెడుతున్నారు. తానూ అదే తింటున్నారట. మీరూ అలాగే చేయండి. ఇంటిల్లిపాదికీ ఒకే వంట అయితే రోగికి తాను వేరు అన్న బాధ ఉండదు.