మందు పనిచేయడం లేదా?



మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. పదో ఏట మూర్ఛ వచ్చింది. డాక్టరుగారు ఉదయం ఒకటి, రాత్రి ఎనిమిదింటికి ఒకటి మాత్రలు రాశారు. మూడేళ్లు మళ్లీ ఫిట్సు మాట లేదు. గండం గడిచిందనుకున్నాను. నిరుడు దసరా సెలవుల తర్వాత రెండు నెలల్లో మూడుసార్లు పడిపోయింది. "ఈ మందు ఇక లాభం లేదండీ" అని డాక్టరుగారి ముందు ఏడ్చేశాను. ఆయన నన్ను బయట కూర్చోమని, అమ్మాయితో కాసేపు మాట్లాడారు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ట్యూషను తొమ్మిదింటిదాకా ఉంటుంది. "మాత్ర ఎవరి కంటా పడకుండా వేసుకో" అని చెప్పింది నేనే. స్నేహితురాళ్ల ముందు తీయలేక, ఇంటికొచ్చాక మరిచిపోయి, వారానికి రెండు మూడు పూటలు తప్పిస్తోందట. "నువ్వే కదమ్మా ఎవరికీ తెలియకూడదన్నావు?" అంది. రేపు పెళ్లికి అడ్డమవుతుందని నేను పెట్టిన దాపరికం పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

కనుక మందును తప్పుపట్టే ముందు కొన్ని చూసుకోవాలి. పూట తప్పుతోందా? కేకలేస్తే పిల్లలు దాస్తారు, నెమ్మదిగా అడగండి. పదేళ్లప్పటి బరువుకు ఇచ్చిన మోతాదు ఎదిగిన పిల్లకు చాలకపోవచ్చు. పరీక్షలని అర్ధరాత్రిదాకా మేలుకున్నా ఫిట్సు రావచ్చు. కొందరు ఆడపిల్లలకు నెలసరి రోజుల్లో ఎక్కువవుతాయి. తేదీ, వేళ, ఎంతసేపు వచ్చిందీ ఒక నోటుబుక్కులో రాయండి. వీలైతే సెల్‌ఫోనులో వీడియో తీయించండి. మూర్ఛలా కనిపించేవన్నీ మూర్ఛ కావు. చూస్తే డాక్టరుకు తేడా తెలుస్తుంది.

ఫిట్సు వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టకండి. చేతిలో తాళాలు పెడితే ఏ ప్రయోజనమూ లేదు. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అన్నీ సరిగా చేసినా ఆగకపోతే? అది తల్లి తప్పూ కాదు, పిల్ల తప్పూ కాదు. మూర్ఛ ఉన్నవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి మందులతో పూర్తిగా అదుపు కాదు. తగిన మందులు రెండు సక్రమంగా వాడినా ఆగకపోతే, నరాల వైద్యుల దగ్గర మళ్లీ పరీక్షలు చేయించాలి. కొందరికి ఆపరేషన్ మేలు చేస్తుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో 1995 నుంచి ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. అంతేగాని మనంతట మనం మాత్రలు మాన్పించడం, పెంచడం కూడదు. ఒక్కసారిగా ఆపేస్తే ఎడతెరిపి లేకుండా ఫిట్సు వచ్చి ప్రాణాపాయం కావచ్చు.

డాక్టరుగారు మా అమ్మాయి బరువు చూసి మోతాదు మార్చారు. నేను మార్చుకోవలసింది కూడా ఉంది. బడిలో టీచరుకు, ఒక స్నేహితురాలికి ఉన్నమాట చెప్పేశాను. హిందూ వివాహ చట్టమే 1999లో పెళ్లి షరతుల్లోంచి మూర్ఛను తొలగించింది. ఇంకా నాకెందుకు భయం? ఈ అయిదు నెలల్లో ఒక్కసారే వచ్చింది. రేపు మళ్లీ రాదని చెప్పలేను. కానీ ఎనిమిది కాగానే ఆ స్నేహితురాలే "మాత్ర వేసుకున్నావుటే?" అని అడుగుతోందట. మా అమ్మాయి అందరి ముందే వేసుకుంటోంది.