మైనపు అచ్చు, రాగి కలిసిన ఉక్కు

భైంసాకు తూర్పున ఉషేగాం వంటి గ్రామములందు ఓజాలు ఇత్తడి పోత పోయుట శ్రోతలలో కొందరైనను చూచియే యుందురు. మట్టి ముద్దపై తేనెమైనపు తీగలు చుట్టి, నెమలినో దీపమునో తీర్చి, దానిపై మరల మట్టి పూసి కాల్తురు. మైనము జారిపోవును, ఆ ఖాళీలోనికి ఇత్తడి దిగును. ఆదిలాబాదు డోక్రా అను పేర ఈ పనితనమునకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది.

కర్మాగారములలో చిన్న ఉక్కు భాగములు పోయు పద్ధతియు మూలమున ఇదియే. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయము జెట్ ఇంజను రెక్కలను ఈ మైనపు దారిననే పోసినది. భేదమంతయు వేడిలో నున్నది. ఇత్తడి 900 డిగ్రీలకు కొంచెము పైన కరగును. ఉక్కు పోయుటకు 1600 డిగ్రీల దాపునకు పోవలెను. ఊరి మట్టి దానికి నిలువదు. కనుక మైనపు అచ్చును సిలికా ద్రవములో పలుమార్లు ముంచి, జిర్కాను వంటి ఇసుక చల్లి, పెంకు కట్టింతురు.

ఇక ఏ ఉక్కు పోయవలెను? వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు గాని, కాచి ముంచినను గట్టిపడదు. కత్తి ఉక్కు గట్టిపడును. తుప్పునకు లొంగును, నూనెలో ముంచినపుడు సన్నని భాగము వంకరపోవును. ఈ చిక్కును విప్పినది 1940 దశకమున అమెరికాలో ఆర్మ్‌కో సంస్థ రూపొందించిన 17-4 పి.హెచ్. ఉక్కు. నూటికి దాదాపు 17 పాళ్ళు క్రోమియము, 4 పాళ్ళు నికెలు, ఇంచుమించు అంతే రాగి.

కీలకము రాగిలో నున్నది. 1040 డిగ్రీలకు కాచినపుడు అది నీటిలో చక్కెరవలె ఉక్కులో కరగును. చల్లార్చినచో వెలికివచ్చుటకు వ్యవధి చాలక అందే చిక్కుకొనును. రంధ్రములు, మరలు అప్పుడే తీర్చుకొనవచ్చును. పిమ్మట 480 డిగ్రీలవద్ద ఒక గంట యుంచినచో, రాగి కంటికానని కణములుగా విడివడి, లోహపు పొరలు జారకుండ అడ్డుపడును. కొలత వేయింట అరపాలు మాత్రమే తగ్గును. ఇట్లు ఆగి గట్టిపడు గుణమును మొదట 1906లో అల్యూమినియపు మిశ్రలోహమున విల్మ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గమనించెను.

అయితే 480 డిగ్రీల గట్టిదనమే మేలని కొనువారు తలతురు. మేమట్లు తలపము. ఆ స్థితిలో ఉక్కు పెళుసు. ఉప్పు తగిలిన చోట లోలోన చీలవచ్చును. 620 డిగ్రీలవద్ద నాలుగు గంటలుంచినచో గట్టిదనము తగ్గును, దెబ్బ ఓర్చుకొను శక్తి హెచ్చును. తడిలో తిరుగు పంపు భాగమునకు, చేతిక్రింద దెబ్బలు తిను మీటకు ఇదియే తగినది. అట్టి మీట విరిగినచో పోవునది ముందుగా పనివాని వ్రేళ్ళు.

దక్షిణాన కోనసముద్రపు మూసల ఉక్కుకై పారశీక వర్తకులు వచ్చిన కాలముననే ఈ ఎరుక కలదు: ఆ ముద్దను అతిగా కాచి కొట్టినచో కత్తి పొడిపొడియగును.

పోత విషయమున మరి రెండు మాటలు. పోసిన ముక్కలో మిశ్రము సమముగా నుండదు. కనుక ముందుగా 1150 డిగ్రీలవద్ద కాచి సరిచేయవలెను. గట్టిపరచిన పిదప ఆమ్లములో కడిగినచో హైడ్రోజను లోనికి చొచ్చి పగుళ్ళు తెచ్చును. సరకు కొనునపుడు కాఠిన్యపు అంకె నొక్కదానినే అడుగక, ఏ వేడిమివద్ద ఎంతసేపుంచిరో కాగితముపై వ్రాయించుకొనవలెను.