బండి ఆగితే పాలు ఆగవు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పాల సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పశుగ్రాసం గురించి, వెన్న శాతం గురించి, లెక్కల పుస్తకాల గురించి మేము ఎప్పుడూ చెప్పేదే. ఈ రోజు రోడ్డు గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. పాలకూ రోడ్డు రద్దీకీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. పాలను పితికిన తరువాత 4 డిగ్రీల చలికి చేర్చేలోగా ఎంత ఆలస్యమైతే అంతగా సూక్ష్మజీవులు పెరుగుతాయి, పులుపు పెరుగుతుంది. శీతల కేంద్రంలో పులుపు ఎంత అని చూస్తారే గాని, బండి ఎక్కడ ఆగిందని అడగరు.

కొన్నేళ్ల క్రితం సంక్రాంతి వెళ్లిన తరువాత మేము ఒక సంఘం తనిఖీకి వెళ్లాము. ముందురోజు సాయంత్రం క్యాన్లతో బయలుదేరిన వ్యాను జాతీయ రహదారిపై తిరుగు ప్రయాణపు రద్దీలో చిక్కుకున్నది. చేరేసరికి పాలు పనికిరాకుండా పోయాయి. ఆ నష్టాన్ని పాలు పోసినవారందరి బిల్లులలో కోత పెట్టారు. రెండు గేదెలున్న ఒక ముసలమ్మ మమ్మల్ని అడిగింది: "నా పాలు మంచియే గదా సారూ, నా పైసలు ఎందుకు కోసిండ్రు?" మా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె ఏ బండీ ఎక్కలేదు. అయినా రద్దీకి రుసుము కట్టింది ఆమే.

హైదరాబాదు - విజయవాడ రహదారిని 2012 నాటికి నాలుగు వరుసలుగా వెడల్పు చేశారు. సూర్యాపేట, కోదాడ పాలు హైదరాబాదు చేరాలంటే కొర్లపహాడ్, పంతంగి టోలు గేట్లు దాటాలి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేయడంతో గేటు దగ్గర చిల్లర కోసం ఆగే బాధ తగ్గింది. కాని పండుగకు బండ్లన్నీ ఒకేసారి బయలుదేరితే ఫాస్టాగ్ ఏమి చేయగలదు? భోగికి ముందు విజయవాడ వైపు ఎక్కువ గేట్లు తెరుస్తారు గనుక హైదరాబాదు వైపు గేట్లు తగ్గుతాయి. కనుమ తరువాత తిరిగి వెళ్లే జనమంతా మన పాల బండి దారిలోనే ఉంటారు. గుంటూరు వైపు వెళ్లే బండ్లను నార్కట్‌పల్లి నుంచి మళ్లిస్తే ఆ భారం నల్లగొండ, మిర్యాలగూడ దారిపై పడుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. టోలు రోడ్డు ఖర్చు కోసం వసూలు చేసేది. అర్ధరాత్రికీ పండుగ సాయంత్రానికీ దాని రేటు ఒక్కటే. "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని అది ఎవరికీ చెప్పదు.

చోటు తక్కువై బండ్లు ఎక్కువైనప్పుడు పంచుకునే పద్ధతులు మూడు. మొదటిది వరుస. ముందొచ్చినవాడు ముందు పోతాడు. ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని గంట ఆగితే కారులోనివారికి విసుగు మాత్రమే, పాలకు ప్రాణం పోతుంది. రెండవది టోకెను. మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరడం మీరెరిగినదే. 2020, 2021 వానాకాలపు కోతలలో టోకెన్లు ఇచ్చారు. రోడ్డు మీది వరుస టోకెన్ల కౌంటరు ముందుకు మారింది. మూడవది ధర. రద్దీ వేళ ఎక్కువ, మిగతా వేళ తక్కువ. 1996లో నోబెల్ బహుమతి పొందిన అర్థశాస్త్రవేత్త విలియం విక్రీ 1950ల నుంచే ఈ మాట చెబుతూ వచ్చారు.

సింగపూరు 1975లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. లండన్ 2003లో 5 పౌండ్లతో ప్రారంభించింది. అక్కడ మొదట రద్దీ బాగా తగ్గినా, తరువాత రోడ్డు పనుల వంటి కారణాలతో మళ్లీ పెరిగింది. స్టాక్‌హోం నగరం 2006లో ఏడు నెలలు ప్రయోగం చేసి, ప్రజల ఓటు తీసుకుని, 2007లో స్థిరపరచింది. అక్కడ రుసుము గీత దాటే బండ్లు దాదాపు అయిదో వంతు తగ్గాయి. న్యూయార్కు 2025 జనవరి 5న మొదలుపెట్టింది. పగలు కారుకు 9 డాలర్లు, చిన్న లారీకి 14.40 డాలర్లు, రాత్రివేళ అందులో నాలుగో వంతే. సరుకు బండి రాత్రికి మారితే దానికీ లాభం, రోడ్డుకూ లాభం.

గాలి సంగతి కూడా ఉన్నది. లీటరు డీజిలు కాలితే 2.6 కిలోల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. పెద్ద లారీ కదలకుండా ఇంజన్ తిప్పితేనే గంటకు రెండు మూడు లీటర్లు కాలుతుంది. ఆ పొగ పీల్చేది గేటు సిబ్బంది, రోడ్డు పక్క ఊళ్లవారు.

తెలుగు రాష్ట్రాలలో ఇటువంటి రుసుము ఇంకా లేదు. రేపు హైదరాబాదులో పెట్టదలిస్తే మనం గుడ్డిగా వ్యతిరేకించవలసిన పని లేదు. రెండు కోరికలు మాత్రం గట్టిగా కోరాలి: తెల్లవారుజామున రుసుము నామమాత్రంగా ఉండాలి, వచ్చిన సొమ్ము బస్సులకు, రోడ్లకు ఖర్చు కావాలి.

అంతవరకు మన చేతిలో ఉన్న పని మనం చేయాలి. పండుగకు పది రోజుల ముందే కేంద్రంతో మాట్లాడి వ్యాను వేళ మార్చుకోండి. సాయంత్రపు పాలను దగ్గరలోని బల్కు కూలరుకు చేర్చి, ట్యాంకరును రద్దీ లేని వేళ పంపే ఏర్పాటు చూడండి. వ్యాను బయలుదేరిన వేళ, చేరిన వేళ రిజిస్టరులో తప్పక రాయండి. పాలు పాడైనది రైతు ఇంటిలోనా, రోడ్డు మీదనా అని తేల్చేది ఆ రెండు అంకెలే.

చివరి మాట. రోడ్డు ఆలస్యం వల్ల వచ్చిన నష్టాన్ని ఆ రోజు పాలు పోసినవారిపై వేయక, సంఘం లాభాలలో కొంత పక్కన పెట్టి అందులోనుంచి భరించే తీర్మానాన్ని మహాజన సభ ముందు ఉంచండి. కష్టం ఒక్కరిమీద పడకుండా పదిమందీ పంచుకోవడానికే గదా సంఘం పెట్టుకున్నది! మళ్లీ ఏ ముసలమ్మ అయినా అదే ప్రశ్న అడిగితే, మీ దగ్గర జవాబు ఉండాలి.