తుఫాను వార్త – హాలు తాళం చెవి

(సొసైటీ వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. పంతులు గనక ఏటా నాకు అదే పడుతుంది, నేనూ ఏటా అదే చెబుతాను, మీరూ ఓపికగా వింటారు. ఈసారి తుఫాను గురించి చెబుతానండీ అని అడిగి ఒప్పించాను. రోజూ ఉర్దూలో పాఠం చెప్పేవాణ్ణి, తెలుగులో ఎక్కడైనా నాలుక తడబడితే మన్నించండి.

ముందు ఆ మాట సంగతే చూడండి. తుఫాన్ అన్నది అరబ్బీ మాట. హజ్రత్ నూహ్ అలైహిస్సలాం కాలంలో వచ్చిన జలప్రళయానికి ఖుర్ఆన్‌లో ఉన్న మాట అదే. అది ఉర్దూలోకీ వచ్చింది, తెలుగులోకీ వచ్చి తుఫాను అయింది. సైక్లోన్ అనే ఇంగ్లీషు మాట మాత్రం నిన్నమొన్నటిది. 1848లో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే దొర, పాము చుట్టను తలపించేట్టుగా గ్రీకు నుంచి తీసి పెట్టాడు. నూహ్ నబీ కథలో నన్ను పట్టుకుని వదలనిది వరద కాదు. ఆయన మెట్ట నేల మీద ఓడ కడుతుంటే దారిన పోయేవాళ్ళు నవ్వారు. వార్త వాళ్ళకు చేరింది. నమ్మలేదు, అంతే.

మనది తుఫానుల తీరం. 1864 నవంబరు 1న మన బందరు మీద వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారని రాసి ఉంది. మా నానీ నోట మాత్రం ఎప్పుడూ 1977 మాటే ఉండేది. నేనింకా పుట్టలేదు. నవంబరు 19, శనివారం. అది బక్రీద్ వారం. పెరట్లో కట్టిన మేక పొద్దుటి నుంచీ గడ్డి ముట్టలేదనీ, సాయంత్రానికి పైకప్పు పెంకులు చేటలో బియ్యం చెరిగినట్టు లేచిపోయాయనీ చెప్పేది. బందరులో ఇల్లు కూలినవాళ్ళు తమ దుఃఖంలో తామున్నారు. తీగలు తెగి, దారులకు చెట్లు అడ్డం పడి, దివిసీమ సంగతి వెంటనే తెలియలేదు. తెలిశాక ఎవరికీ తమ ఇంటి గోడ గుర్తు రాలేదంటుంది నానీ.

నాగాయలంక, కోడూరు వైపు సముద్రం సుమారు 5 మీటర్లు లేచింది. అంటే దాదాపు మూడు నిలువులు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి పల్లెలు నీళ్ళ కింద పడ్డాయి. చనిపోయినవాళ్ళు 10,000 దాకా అని సర్కారు లెక్క. కాదు, ఇంకా ఎక్కువని సీమవాళ్ళ మాట. ఎక్కువమంది చేపలు పట్టేవాళ్ళూ, కూలినాలి చేసుకునేవాళ్ళూ, గుడిసెల్లో ఉండేవాళ్ళూనూ.

ఇక్కడ రెండు నిమిషాలు పంతులుగారి పాఠం వినక తప్పదు. ఉప్పెన ఎందుకొస్తుంది? తుఫాను నడిబొడ్డున గాలి బరువు తగ్గి నీళ్ళు కొంచెం ఉబ్బుతాయి. ఆ ఉబ్బు ఎంత పెద్ద తుఫానుకైనా ఒక మీటరు, అటూ ఇటూ. తక్కినదంతా గాలి తోసుకొచ్చిన నీరే. సముద్రం లోతుగా ఉంటే ఆ నీరు కిందికి జారిపోతుంది. మన తీరంలో లోతు తక్కువ గనక పోవడానికి చోటు లేక నేల మీదికి ఎక్కుతుంది. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తవాఫ్‌లో హాజీలు కాబా చుట్టూ తిరిగేది ఏ దిక్కునో, ఆ దిక్కున. (దేనితో దేన్ని పోల్చావని కోప్పడకండి, పిల్లలకు గుర్తుండాలని అలా చెబుతాను.) అందువల్ల తుఫాను నడిచే దారికి కుడిచేతి వైపు తీరం మీదికి గాలి సముద్రాన్ని తోస్తుంది. ఎడమచేతి వైపు నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. 1977లో తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన మింగింది అక్కడికి తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరాన ఉన్న దివిసీమను. కాబట్టి "ఎక్కడో చీరాల దగ్గర దాటుతుందట, మనకేం" అనే మాట మనం ఎన్నడూ అనకూడదు.

ఇక అప్పటి హెచ్చరికల సంగతి. రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు, ఫలానా నంబరని రేడియోలో చెబుతారు. పదో నంబరు అంటే పెనుప్రమాదమని మనకిప్పుడు తెలుసు. అసలు ఆ నంబర్లు ఓడలవాళ్ళ కోసం పెట్టినవండీ. రేడియో లేని గుడిసెలో ఉన్న మనిషికి పదో నంబరంటే ఏమిటి, పన్నెండో నంబరంటే ఏమిటి?

పదమూడేళ్ళు గడిచాయి. 1990 మే 9న అంతటి తుఫానే కృష్ణ సముద్రంలో కలిసేచోటికి దగ్గరలో తీరం దాటింది. ఈసారి పోయినవాళ్ళు వెయ్యికి లోపు. సముద్రం మారలేదు, గాలి తగ్గలేదు. ఆకాశంలో ఇన్సాట్ ఉపగ్రహం ఉంది, తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు లేచాయి, ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే కదిలించారు. ఇది చిన్న విజయం కాదు.

ఆ కదిలిన జనంలో నేనూ ఉన్నాను, తొమ్మిదేళ్ళవాణ్ణి. జీపులో మైకు పెట్టి చెప్పుకుంటూ పోయారు. అబ్బా మా అందరినీ, నానీతో సహా, దగ్గర్లోని ఒక పక్కా హాలుకు తీసుకెళ్ళారు. ఎవరిదో పేరు చెప్పను, పెద్దలు పోయారు. హాలుకు తాళం వేసి ఉంది. చెవి ఉన్నాయన పెళ్ళికని వేరే ఊరు వెళ్ళాడు. నలభై మందిమి వానలో చూరు కింద నిలబడ్డాం. చివరికి అబ్బా రాయి పుచ్చుకుని తాళం బద్దలు కొట్టారు. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది. లోపల ఉన్నది ఒకే గది. మగవాళ్ళు ముందుగా జొరబడి నిండిపోయారు. ఆడవాళ్ళు గుమ్మం దగ్గర ఆగిపోయారు. మా వీధి ఖాలా ఒకావిడ లోపలికి తొంగిచూసి, "ఇంతమంది మగాళ్ళ మధ్య రాత్రంతా ఎట్లా కూర్చోనమ్మా, మా ఇంటికే పోతాను" అని వెనక్కి తిరిగింది. ఆవిడ వెళ్ళాకే ఎవరికో బుద్ధి పుట్టి దుప్పటి అడ్డం కట్టారు. ఆ రాత్రి ఖాలా ఇంటి గోడ కూలింది. ప్రాణం దక్కింది గాని, కాలు మళ్ళీ నేల మీద సరిగా ఆనలేదు.

ఆవిడది మూఢత్వమని అన్నవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. వార్త చేరింది, ఆవిడ నమ్మింది, వానలో నడిచి వచ్చింది కూడా. మనం చోటు చూపలేదు.

ఇది మన వీధి సంగతొక్కటే కాదు. మన బంగాళాఖాతానికే అవతలి ఒడ్డున ఉన్న బంగ్లాదేశ్‌ను చూడండి. 1970 నవంబరులో భోలా తుఫానుకు అక్కడ తక్కువలో తక్కువ మూడు లక్షల మంది పోయారు. ఆ తర్వాత రెడ్‌క్రాస్‌వారు ఊరూరా వాలంటీర్లను తయారు చేశారు. సైకిలు మీద తిరిగి చేతిమైకుతో చెప్పేవాళ్ళు, జెండా ఎగరేసేవాళ్ళు. మసీదు మైకుల్లో కూడా చెబుతారు. అయినా 1991 ఏప్రిల్‌లో మళ్ళీ లక్షా ముప్పైవేలకు పైగా పోయారు, అందులో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే చాలా ఎక్కువ. భర్త వచ్చేదాకా ఇల్లు కదలనివాళ్ళు, పిల్లల్ని వదిలి రాలేనివాళ్ళు, షెల్టరులో మరుగు లేదని వెళ్ళనివాళ్ళు. అక్కడివాళ్ళు దాన్నుంచి నేర్చుకున్నారు. ఇంకా షెల్టర్లు కట్టారు, ఆడవాళ్ళను వాలంటీర్లుగా చేర్చుకున్నారు. 2007లో సిడ్ర్ వచ్చినప్పుడు పోయినవాళ్ళు మూడు నాలుగు వేలు. అదీ తక్కువేం కాదు, కాని 1970 ఎక్కడ, ఇదెక్కడ.

ఇప్పుడు మనకు బందరులోనే రాడారు ఉంది. తీరం దాటడానికి మూడు రోజుల ముందు నుంచే కబురు మొదలవుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర దాటింది గదా, అప్పుడు అందరి ఫోన్లకూ సందేశాలు వచ్చాయి. ఆ మర్నాడు మా తరగతిలో అడిగాను, మీ ఇంట్లో ఆ సందేశం ఎవరు చదివారని. మేమే చదివి దాదీకి చెప్పామన్నారు పిల్లలు. పిల్లలు లేని ఇంట్లో ఒంటరి ముసలివాళ్ళకు ఎవరు చదివి చెప్పినట్టు? నాకు తెలిసి మన మొహల్లాలో అలాంటి ఇళ్ళు పదకొండున్నాయి. జాబితా రాసి తెచ్చాను, కార్యదర్శిగారికి ఇస్తాను. ఒక్కో ఇంటికి మా పెద్ద తరగతి పిల్లలు ఇద్దరిద్దరు వెళతామన్నారు.

ఒంటెను కట్టేసి ఆపైన తవక్కుల్ చెయ్యమన్న హదీసు మీకు నేను చెప్పాలా? మన సొసైటీ హాలు పక్కా కట్టడం, ఎత్తు మీద ఉంది. తాళం చెవి ఇప్పటికి ఒక్కటే ఉంది. మూడు చేయించమని నా మనవి. ఒకటి ఇమాంసాబ్ దగ్గర, ఒకటి కార్యదర్శిగారి దగ్గర, మూడోది హాలు ఎదుటి ఇంట్లో ఎప్పుడూ ఉండే ఆడమనిషి ఎవరి దగ్గరైనా. మూడోదానికి కొందరు పెద్దలు మొహం చిట్లిస్తున్నారు, కనిపిస్తూనే ఉంది. పెళ్ళిళ్ళకు ఊరు వెళ్ళేది మనమేనండీ, వాళ్ళు ఇంట్లోనే ఉంటారు. లోపలి చిన్న గదిలో కుర్చీలు కుప్పపోశారు. అవి తీయించి ఆ గది ఆడవాళ్ళకని ముందే అనుకుందాం. కరెంటు పోతే మసీదు మైకు మూగబోతుంది గనక దానికొక బ్యాటరీ కావాలి. ఖర్చు సంగతి కమిటీ చూసుకుంటుంది, నేను చందా పుస్తకం తేలేదు, భయపడకండి.

పోయిన వారం వెళ్ళి చూశాను. హాలు వెనక మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ లేదు. గడియ కొని తెచ్చాను, నా సంచిలోనే ఉంది. ఆదివారం ఫజర్ నమాజు అయ్యాక బిగిద్దామనుకుంటున్నాను. సుత్తి మా ఇంట్లో ఉంది. మరలు తిప్పే సాధనం ఎవరి దగ్గరన్నా ఉంటే పట్టుకు రండి. ఖుదా హాఫిజ్.