ఆసియా చరిత్రాధ్యయనము – మన కళింగసీమ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమునుండి పుస్తకములు కొనిపోయి గడువు దాటకుండ తెచ్చి యిచ్చినవాడ ననుటకంటె నాకు వేరొక యోగ్యత లేదు. గ్రామ లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. కళాశాల గడప త్రొక్కలేదు. భారతమును, అమరమును నాకు నేనే కూడబలుకుకొని చదివితిని. అట్టివానిని విశ్వవిద్యాలయములందలి ఆసియా చరిత్రాధ్యయనమును గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు కోరుట వింతయే. అయినను ఒప్పుకొంటిని. ఏలయనగా మన చందాదారు లొకరి కుమార్తె ఇంటర్మీడియెటు ముగించి, తాను చరిత్ర చదివెదననియు, అందును ఆసియా దేశముల చరిత్రయే చదివెదననియు ఇంట పట్టుబట్టినది. ఆ తండ్రి నాయొద్దకు వచ్చి, "సీనా రాజుల పేర్లు సదివితే మా గుంటకి ఏటొస్తాది బాబూ?" అని యడిగెను. 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపానులో జీడితోట కూలిపోయినవాడు అడిగిన ప్రశ్న యిది. దీనిని నవ్వి త్రోసివేయరాదు.

ఆసియా చరిత్ర చీనా రాజుల జాబితా మాత్రమే కాదు. దానిలో కొంతభాగము మన పొలిమేరలలోనే పడియున్నది. సరుబుజ్జిలి మండలములోని దంతవరపుకోటను చూచినవారు మీలో ననేకులుందురు. పశువులు మేయు మట్టికోట గోడలు తప్ప నేడచట విశేషము కానరాదు. దాఠావంశమను పాలీ గ్రంథము కళింగదేశపు దంతపురమునుండి బుద్ధుని దంతమును హేమమాలయను రాకుమారియు, ఆమె భర్తయు రహస్యముగా సింహళమునకు కొనిపోయిరని చెప్పుచున్నది. ఇది క్రీస్తుశకము నాలుగవ శతాబ్దపు కథ. ఆ దంతమే నేడు కాండీ నగరమునందలి దళదా మందిరమున పూజ లందుకొనుచున్నదని సింహళీయుల విశ్వాసము. దంతపురము మన దంతవరపుకోటయే యని కొందరు పండితులును, పూరీయని మరికొందరును చెప్పుదురు. ఈ తగవు తీర్పవలెనన్న పాలీ భాషయు, త్రవ్వకములు జరిపి మట్టిపొరలను చదువు విద్యయు కావలయును. ఇంటి అరుగుపై కూర్చుండి తీర్చు తగవు కాదిది.

శ్రీకాకుళము చెంతనున్న సింగుపురము మాట ఇంతకంటె చిత్రమైనది. 1187 మొదలు 1196 వరకు సింహళమున పొలొన్నరువ రాజధానిగా ఏలిన నిశ్శంకమల్లుడు, తాను కళింగదేశపు సింహపురమున జన్మించితినని శాసనములలో చెక్కించుకొనెను. సింహపురము మన సింగుపురమే యని పెక్కుమంది చరిత్రకారుల అభిప్రాయము. అయితే సింహళ పండితుడు సెనరత్ పరణవితాన, ఆ కళింగము మన కళింగము కాదనియు, మలయా ద్వీపముల వైపుదనియు వాదించెను. ఇతర విద్వాంసు లనేకులు ఆ వాదము నంగీకరింపలేదు. నేను లెక్కలవాడను గనుక నాకు తోచినది చెప్పుచున్నాను: పొలిమేర తగాదా వచ్చినపుడు మన దస్త్రము మనము కొనిపోకున్న ఎదుటివాని దస్త్రమే ప్రమాణమగును. ఆ శాసనములను మూలభాషలో చదువగల బిడ్డ మన జిల్లానుండి ఒకతె బయలుదేరిన తప్పేమి?

మలయా, జావా సీమలవారు మన దేశీయులను 'కెలింగ్' అని పిలిచిరి. కళింగ శబ్దమే అట్లు మారినదని పండితులందురు. నేడు మలేషియాలో అది తిట్టుగా మారినది. మన ఓడల పేరు తిట్టుగా ఎట్లు దిగజారెనో అదియు చరిత్రయే.

మన ప్రాంతమున ఈ విద్యకు త్రోవ చూపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో ముఖలింగము సమీపమునందలి పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయత్వము చేయుచునే ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టమునందిరి. ముఖలింగేశ్వరాలయపు గోడలమీది ప్రాచీన లిపులను తామే నేర్చి చదివి, గాంగరాజుల కళింగనగరము ఆ ముఖలింగమే యని వాదించిరి. 1919లో వంశధార యొడ్డున శాలిహుండము కొండమీది బౌద్ధ శిథిలములను లోకమునకు తెలియజేసినవారును వారే. వాడుక భాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని నేను గ్రాంథికమున కొనియాడుచున్నాను. వారీ సభలో నున్నచో నన్నిక్కడనే ఆపియుందురు.

అన్నిటికంటె నాకు ఆశ్చర్యమైనది వారి సవర భాషా పరిశ్రమ. మన కొండలలోని సవరలు సంతకు వచ్చినపుడు వారి మాటను వినియు విననట్లు పోవుట మన అలవాటు. పంతులుగారు దానిని నేర్చి వ్యాకరణమును, నిఘంటువును వ్రాసిరి. ఆ భాష కాంబోడియావారి ఖ్మేరు భాషకును, బర్మాలోని మోను భాషకును, వియత్నాము భాషకును జ్ఞాతియని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మన సంతలో కుంకుడుకాయ లమ్ము ముసలమ్మ నోట ఆగ్నేయాసియా భాషల చుట్టరికము పలుకుచున్నదన్నమాట.

ఇక బర్మా మాట. ఇది గ్రంథములలోనిది కాదు, మన యిండ్లలోనిది. బారువ, కళింగపట్నము రేవులలో స్టీమరెక్కి మనవారు రంగూను పోయి, రేవులలో మూటలు మోసిరి, ధాన్యపు మిల్లులలో పనిచేసిరి. బర్మావారు తెలుగువారిని 'కోరంగీ'లనిరి. 1931 జనాభా లెక్కలలో రంగూను జనములో సగమునకు మించి భారతీయులే. 1930 మే నెలలో మన రేవుకూలీలకును బర్మా కూలీలకును నడుమ ఘోరమైన కలహము జరిగినది. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడగా, మరుసటియేట వేలాదిమంది అరకాను, అస్సాము త్రోవల కాలినడకను బయలుదేరిరి. దారిలో ఎందరో మరణించిరి. మిగిలినవారిలో పెక్కురు 1962 నాటి సైనికాధికారము పిమ్మట, దుకాణములును మిల్లులును ప్రభుత్వపరము కాగా, 1964 మొదలుకొని తిరిగి వచ్చిరి. ఆ కూలీ ఏల వెడలెను, ఎంత కూలి పంపెను, ఎట్టి అప్పుతో తిరిగివచ్చెను అనునది బర్మా చరిత్రయా, నందిగాం చరిత్రయా? రెండును ఒక్కటియే. దానిని వ్రాయుటకు బర్మా భాషయు, ఉద్దానపు పలుకుబడియు రెండును తెలిసిన మనిషి కావలయును. రెండవది మన పిల్లకు ఉగ్గుపాలతోనే వచ్చినది. మొదటిది నేర్పుటకే విశ్వవిద్యాలయములున్నవి.

చోటు లేదనరాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో పుట్టినది. అచట చరిత్ర బోధించిన మల్లంపల్లి సోమశేఖర శర్మగారు పట్టములు లేకయే శాసనములు చదివి పండితులైనవారు. మద్రాసు విశ్వవిద్యాలయమున 1929 మొదలు 1946 వరకు ఆచార్యులైన నీలకంఠ శాస్త్రిగారు శ్రీవిజయ సామ్రాజ్య చరిత్రను వ్రాసిరి. తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆగ్నేయాసియా అధ్యయనమునకు ప్రత్యేక కేంద్రమునే నెలకొల్పిరి.

ఆ తండ్రిగారి ప్రశ్నకు దాచకుండ జవాబు చెప్పవలెను. పట్టము చేతికి రాగానే కొలువు రాదు. ఉపాధ్యాయత్వము, పురావస్తు శాఖ, మ్యూజియములు, దస్త్రశాలలు, సర్వీసు కమిషను పరీక్షలు – దారులివియే, ఇరుకైనవే. పరభాష పట్టుబడుటకు ఏండ్లు పట్టును. కాని ఇంజనీరింగు చదివి హైదరాబాదు గదులలో పిలుపుకై ఎదురుచూచు మన కుర్రవాండ్రెందరో మీకు నాకంటె బాగుగ తెలియును. ఇష్టములేని చదువునకు అప్పుచేయు తండ్రి, ఇష్టమైన చదువునకు జంకుట నాకు లెక్క కుదురని సంగతి. ఆ పిల్ల దరఖాస్తుకు కావలసిన ధ్రువపత్రములన్నియు నేను సిద్ధపరచితిని. సంతకము తండ్రిది కావలయును. ఆయన ఈ సభలోనే యున్నారు.

తక్కినవారికి ఒక మనవి. మీ యటకలమీద రంగూను పెట్టెలున్నవి. వానిలో గుండ్రని బర్మా అక్షరముల కాగితములు, మనియార్డరు ముక్కలు, ఓడ చీట్లు, ఉత్తరములు చెదలు పట్టుచున్నవి. చదువరాలేదని పొయ్యిలో వేయకుడు. తెలుగు పుస్తకముల అలమారులో క్రింది అర ఖాళీ చేయించితిమి. ఆదివారము ఉదయము నేనచట నుందును. తెచ్చిన ప్రతి కాగితమునకును వరుస సంఖ్యయు, ఇంటిపేరును చిట్టాలో వ్రాసి, రసీదు నా చేతులతో నిత్తును. కాగితము మీదిగనే యుండును; ఎప్పుడడిగిన అప్పుడు తిరిగి యిచ్చెదము.